రొయ్యల సాగు పాఠ్యప్రణాళికలో ఎవరి మాట చెల్లాలి?

ప్రశ్న (అధ్యాపకుడు, కావలి):
మా డిగ్రీ కళాశాలలో ఆక్వాకల్చర్ పాఠ్యాంశాలను సవరిస్తున్నాం. పాఠ్యప్రణాళిక సంఘంలో అధ్యాపకులు, విశ్వవిద్యాలయం పంపే నిపుణులు కాక పరిశ్రమ ప్రతినిధికీ ఒక స్థానం ఉంది. అందులోకి మేత కంపెనీ అధికారో రొయ్య పిల్లలను ఉత్పత్తి చేసే హేచరీ యజమానో వస్తాడు తప్ప, చెరువు గట్టునే కనిపెట్టుకుని ఉండే రైతు రాడు. తెల్లవారుజామున నీటిలో కరిగిన ఆక్సిజన్ బాగా పడిపోతుందని మేము పుస్తకం చూసి చెబుతాం. ముసురు పట్టిన రాత్రి, నీటిలోకి గాలి ఎక్కించే ఏరేటర్లు ఏ వేళకు వేయాలో, రొయ్యలు ఎంత తిన్నాయో చూసేందుకు చెరువులో దించే చెక్ ట్రేలో మిగిలిన మేతను బట్టి మరుసటి పూట ఎంత తగ్గించాలో మాత్రం అల్లూరు, ఇందుకూరుపేట రైతులనే అడగాలి. దాన్ని పాఠంగా పెడదామంటే ఆధారమేమిటని సంఘంలో నిలదీస్తున్నారు. ఏమని చెప్పాలి?

జవాబు (రైతు, ఇందుకూరుపేట మండలం):
మాస్టారూ, ఆధారం అడగడంలో తప్పు లేదు, కాకపోతే అందరినీ అడగాలి. కంపెనీ ఇచ్చే మేత పట్టిక మేత అమ్ముకునేవారు తయారుచేసినదే అయినా, దానికి ఆధారమేమిటని అడిగినవారిని నేను చూడలేదు. అలాగని రైతు నోట వచ్చిందల్లా పాఠం కాకూడదు. 1990ల నడుమ తెల్లమచ్చ తెగులు టైగర్ రొయ్యను తుడిచిపెట్టిన నాటి నుంచీ, చేతికందిన మందల్లా చెరువులో పోసే అలవాటు కొందరిలో పాతుకుపోయింది. నిషేధించిన యాంటీబయాటిక్ అవశేషాలు బయటపడితే ఎగుమతి సరుకు వెనక్కి వస్తుందని తెలిసినా మానరు. అందుకని విద్యార్థులను ఒక పంటకాలమంతా చెరువుల మీదికి పంపండి. తెల్లవారుజామున నాలుగు గంటలకు రైతు నీటి రంగు, రొయ్య కదలిక చూసి వేసిన అంచనాను ముందు ఒక పుస్తకంలో రాసుకుని, ఆ తర్వాతే ఆక్సిజన్ కొలిచే మీటరు నీటిలో ముంచాలి. ఎవరి మాట ఎంతవరకు నిలిచిందో ఆ పుస్తకమే చెబుతుంది.

జవాబు (పరిశోధక విద్యార్థిని, ఒంగోలు):
నాలుగు గంటలకు గట్టు మీద ఉండేది చాలా చోట్ల రైతు కూడా కాదండీ, కాపలా మనిషి. నెల్లూరు తీరంలో ఆ పనిలో యానాది కుటుంబాలు ఎక్కువ. వృత్తిలో ఆరితేరినవారిని అధ్యాపకులుగా తీసుకునేందుకు యూజీసీ 2022లో తెచ్చిన 'ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్' విధానంలో డిగ్రీ తప్పనిసరి కాదు, 15 ఏళ్ల అనుభవం చాలు. అయితే ఆ అనుభవం పెద్ద హోదాలో గడిచినదైతే మేలనడంతో కాపలా మనిషి అక్కడే ఆగిపోతాడు. కనీసం పాఠంలో అతని పేరు వేసి, బోధించిన గంటలకు డబ్బు చెల్లించాలి.

ప్రశ్నకర్త:
అంచనా పుస్తకానికి ప్రాక్టికల్ మార్కులు కేటాయించాలని వచ్చే సమావేశంలో ప్రతిపాదిస్తాను. రైతునూ కాపలా మనిషినీ ప్రత్యేక ఆహ్వానితులుగా పిలుస్తామని అధ్యక్షులు అంటున్నారు గాని, ఆహ్వానితులకు ఓటు ఉండదు. మరో కళాశాలలో ఎక్కడైనా ఓటుతో కూర్చోబెట్టి ఉంటే ఆ తీర్మానం ఎలా రాశారో తెలియజేయగలరు.