బస్తీలో పార్కుకు నిధులు: ఎవరిని అడగాలి, ఏ క్రమంలో అడగాలి?

ప్రశ్న (బస్తీ సంఘం కార్యదర్శి)

మాది హైదరాబాదులో జీడిమెట్ల పారిశ్రామికవాడను ఆనుకొని ఉన్న బస్తీ. ఇళ్లలో చాలావరకు అరవై గజాల లోపువే కాబట్టి పిల్లల ఆటలకైనా, ఎండాకాలం సాయంత్రాలు పెద్దవాళ్లు కాసేపు కూర్చోవడానికైనా సందులే దిక్కు. పాత గ్రామపంచాయతీ లేఅవుట్‌లో పార్కు కోసం వదిలిన ఐదారు వందల గజాల జాగా ఒకటి మిగిలి ఉంది గానీ, అందులో కూల్చిన ఇళ్ల శిథిలాలు, ఒక మూల ట్రాన్స్‌ఫార్మరు, మరో మూల చక్రాలు ఊడిన ఆటో ఉన్నాయి. ఇంటింటికీ చందా వేసుకుంటే శిథిలాలు ఎత్తించగలమేమో గానీ ప్రహరీకి, నీటికి, మొక్కలకు ఆ డబ్బు చాలదు. కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) నిధులు, ఎంపీ నిధులు, కార్పొరేషన్ బడ్జెట్ అని తలా ఒక దారి చెబుతున్నారు. వీటిలో దేనికి ముందు దరఖాస్తు పెట్టాలో, మా సంఘం నేరుగా డబ్బు తీసుకోవచ్చో లేదో అనుభవం ఉన్నవారు దయచేసి వివరించగలరు.

జవాబు (విశ్రాంత మున్సిపల్ ఇంజినీరు)

నిధుల కన్నా ముందు ఆ జాగా కాగితాల్లో ఎవరి పేరున ఉందో తేల్చుకోండి. ఆమోదం పొందిన లేఅవుట్ అయితే పది శాతం ఖాళీ స్థలాన్ని రిజిస్టర్డ్ గిఫ్ట్ డీడ్ ద్వారా స్థానిక సంస్థకు ఉచితంగా అప్పగించి ఉండాలి. పంచాయతీ లేఅవుట్లలో చాలాచోట్ల ఆ పని జరగలేదు. నక్షాలో ‘పార్కు’ అని రాసి ఉన్నా రికార్డులో స్థలం పాత యజమాని పేరునే ఉండిపోతుంది. ఆయన వారసులు ఎప్పుడో ఒకనాడు దాన్ని ప్లాటుగా అమ్మేస్తారు. మీ ప్రాంతం 2007లో కుత్బుల్లాపూర్ మున్సిపాలిటీతో పాటు జీహెచ్‌ఎంసీలో కలిసింది కాబట్టి కాగితాలు పాత రికార్డుల్లో ఎక్కడో ఉండవచ్చు. లేఅవుట్ నకలుకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, ఆ సర్వే నంబరుకు సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో ఈసీ (ఆ స్థలం క్రయవిక్రయాలు, తాకట్ల వివరాల పత్రం) తీయించండి. ఆక్రమణ కనబడితే, 2024లో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ హైడ్రాకు ఫిర్యాదు చేయండి, దానికి పార్కు స్థలాలను కాపాడే బాధ్యత కూడా ఉంది.

ఇక డబ్బు విషయంలో చాలామంది తట్టని తలుపు ఒకటుంది. అనుమతి లేని లేఅవుట్లలో ప్లాటు క్రమబద్ధీకరించుకునేవారి నుంచి, అక్కడ పది శాతం ఖాళీ స్థలం లేనందుకు బదులుగా, ప్లాటు విలువలో 14 శాతం అదనంగా వసూలు చేస్తారు. 2020లో వచ్చిన లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం ఎల్ఆర్ఎస్‌లో కూడా ఈ నిబంధన ఉంది. అంటే పార్కు లేని పేటలవాళ్లే పార్కు లేనందుకు డబ్బు కడుతున్నారు. ఆ డబ్బు మీ ప్రాంతం నుంచి ఎంత వచ్చింది, అందులో మీ ప్రాంతం మీద ఎంత ఖర్చయింది అని రాతపూర్వకంగా అడిగే హక్కు మీకుంది. 2020 సవరణతో జీహెచ్‌ఎంసీ చట్టంలో బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికి కేటాయించాలన్న నిబంధన కూడా చేరింది. నా దృష్టిలో మీ మొదటి అర్జీ ఈ రెండింటినీ ఉటంకిస్తూ కార్పొరేషన్‌కే వెళ్లాలి. దాతల దగ్గరికి పోవలసింది ఆ తర్వాతే.

జవాబు (సీఎస్ఆర్ విభాగంలో పనిచేస్తున్న సభ్యురాలు)

ఇంజినీరు గారి మాటకు నా అనుభవం కొంత జోడిస్తాను. కంపెనీల చట్టం 2013, సెక్షన్ 135 ప్రకారం 500 కోట్ల నికర విలువ, లేదా 1,000 కోట్ల టర్నోవరు, లేదా 5 కోట్ల నికర లాభం దాటిన కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో రెండు శాతం సామాజిక పనులకు వెచ్చించాలి. పర్యావరణమూ, మురికివాడల అభివృద్ధీ రెండూ సీఎస్ఆర్ కింద చేయదగ్గ పనుల జాబితా అయిన ఏడో షెడ్యూలులో ఉన్నాయి, తాము పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని చట్టమే చెబుతుంది. కాబట్టి పరిశ్రమల మధ్యనున్న మీ బస్తీ అడగడంలో మొహమాటపడవలసింది ఏమీ లేదు. అయితే చిన్న ఫ్యాక్టరీలు చాలావరకు ఈ పరిమితుల్లోకి రావు. ముందు ఎవరు వస్తారో చూసుకోండి.

మీ సంఘం నేరుగా డబ్బు తీసుకోవడం కష్టం. 2021 ఏప్రిల్ నుంచి సీఎస్ఆర్ పనులు చేపట్టే బయటి సంస్థకు కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర సీఎస్ఆర్-1 నమోదు, అలాగే ఆదాయపు పన్ను శాఖ దగ్గర 12ఏ, 80జీ నమోదులు కావాలి. ఇవన్నీ ఉన్న స్వచ్ఛంద సంస్థ ద్వారా రావడం సులభం. అయినా నన్ను బాధించేది వేరే సంగతి. మా బల్ల మీదికి వచ్చే పార్కు ప్రతిపాదనల్లో ఓపెన్ జిమ్, పేరు చెక్కిన బల్లలు, ప్రారంభోత్సవ ఫలకం తప్పకుండా ఉంటాయి గానీ నీళ్లు పోసే మనిషి జీతం మాత్రం ఉండదు. కొనసాగే ప్రాజెక్టుగా చూపినా సీఎస్ఆర్‌లో మొదలుపెట్టిన సంవత్సరం కాక మరో మూడేళ్లకు మించి గడువు దొరకదు. ఎంపీ నిధుల పరిస్థితీ అంతే. ఏడాదికి 5 కోట్లున్న ఆ పథకం శాశ్వత ఆస్తుల నిర్మాణానికే గాని నిర్వహణకు పైసా ఇవ్వదు. నాలుగో ఏట మాలి జీతం ఎవరిస్తారో రాయని అంచనా నా దగ్గరికి వస్తే నేను వెనక్కి పంపుతాను.

జవాబు (ఫిలడెల్ఫియాలో ఉంటున్న తెలుగు సభ్యుడు)

నేనుండే ఊళ్లో పేదపేటల్లోని పాడుబడ్డ స్థలాలను నగర ప్రభుత్వం, పెన్సిల్వేనియా హార్టికల్చరల్ సొసైటీ కలిసి బాగుచేస్తుంటాయి. అందులో ఆర్భాటం ఏమీ ఉండదు. చెత్త ఎత్తి, నేల చదును చేసి, గడ్డి విత్తనం చల్లి, నాలుగు చెట్లు నాటి, నడిచి వెళ్లడానికి సందు వదిలి పొట్టి కర్రకంచె వేస్తారు. 541 స్థలాల మీద జరిగి 2018లో వెలువడిన అధ్యయనం లెక్క ప్రకారం ఒక్కో స్థలానికి సుమారు 1,600 డాలర్లు, ఆ తర్వాత నిర్వహణకు ఏటా 180 డాలర్లు ఖర్చయింది. బాగుచేసిన స్థలాల దగ్గర ఉండేవారిలో దిగులుగా ఉందని చెప్పుకోవడం 41.5 శాతం తగ్గిందని అదే అధ్యయనం తేల్చింది. గడ్డి కోసే పని పేటల్లోని సంఘాలకూ ఇస్తారు, దానికి డబ్బు చెల్లిస్తారు. స్వచ్ఛందం అని ఊరికే చేయించుకోరు. మీ అంచనాలో ప్రహరీకి పోయే డబ్బు సగం తగ్గించి జీతానికి మళ్లించవచ్చునేమో ఆలోచించండి. కాగితాల గురించి చెప్పింది కూడా అక్షరాలా నిజం. న్యూయార్కులో జనం ఏళ్ల తరబడి పెంచిన తోటలను, స్థలం నగరానిదే కాబట్టి, 1999లో ప్రభుత్వం వందకు పైగా వేలానికి పెట్టింది. దాతృత్వ సంస్థలు కొనుక్కుంటే తప్ప అవి దక్కలేదు.

ప్రశ్న అడిగినవారి స్పందన

అందరికీ ధన్యవాదాలు. లేఅవుట్ నకలుకూ, ఎల్ఆర్ఎస్ లెక్కలకూ వేర్వేరు దరఖాస్తులు సిద్ధం చేస్తున్నాము. మా బస్తీలోని మహిళా పొదుపు సంఘానికి నెలవారీ నిర్వహణ అప్పగిస్తే ఎలా ఉంటుంది? నీటి కోసం బోరు వేయించడం మంచిదేనా?

జవాబు (విశ్రాంత మున్సిపల్ ఇంజినీరు)

పొదుపు సంఘానికి ఇవ్వడం మంచిదే గానీ నోటిమాటగా వద్దు. పని, జీతం, ఎవరు చెల్లిస్తారు అన్నవి కార్పొరేషన్‌తో ఒప్పందంగా రాయించుకోండి. బోరుకు వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం కింద అనుమతి కావాలి, పైగా పారిశ్రామికవాడ పక్కన భూగర్భ జలం ఎలా ఉందో పరీక్ష చేయించకుండా మోటారు కొనకండి. మొదటి రెండు వేసవులు గట్టెక్కడానికి ట్యాంకరు ఖర్చు అంచనాలో వేరే పద్దుగా చూపండి. వేప, కానుగ నాటితే మూడో ఏటికి నీటి అవసరం బాగా తగ్గుతుంది. త్వరగా పచ్చబడుతుందని ఎవరైనా, అలర్జీలు తెస్తుందని పేరుపడ్డ విదేశీ మొక్క కోనోకార్పస్ తెచ్చిస్తే మాత్రం మర్యాదగా తిప్పి పంపండి. ఆ ట్రాన్స్‌ఫార్మరు చుట్టూ కంచె వేయమని విద్యుత్ సంస్థకు ఇప్పుడే ఉత్తరం రాయండి, ఎందుకంటే పిల్లలు తిరిగే చోట అది లేనిదే ఏ కంపెనీ తనిఖీలోనూ మీ స్థలం నెగ్గదు.