పాత 315 బోరు రైఫిల్ ఖాళీ కేసులను మళ్లీ నింపుకోవచ్చునా?

ప్రశ్న (అరండల్‌పేట, గుంటూరు)

మా నాన్నగారు కాలం చేసిన తరువాత, ఆయన లైసెన్సుపై ఉన్న ఇషాపూర్ (బెంగాల్‌లోని ప్రభుత్వ రైఫిల్ కర్మాగారం) 315 బోరు రైఫిల్‌ను డీలరు వద్ద డిపాజిట్ చేసి, వారసుడిగా లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకున్నాను. ఇల్లు సర్దుతుండగా ఇనుప పెట్టె అడుగున ఒక గుడ్డ సంచిలో కొన్ని తూటాలు, వాటికంటే ఎక్కువగా పేల్చిన ఖాళీ ఇత్తడి కేసులు కనిపించాయి. డల్లాస్‌లో ఉంటున్న మా బావగారు ఇషాపూర్‌లోనే తయారైన పాత లీ ఎన్‌ఫీల్డ్ (బ్రిటిషు కాలపు సైనిక రైఫిల్) ఒకటి అక్కడ కొని, ఖాళీ కేసుల్లో ప్రైమరు (మందుకు నిప్పు రాజేసే చిన్న మూత), మందు, బుల్లెట్ తానే అమర్చుకుంటున్నారు. లైసెన్సు చేతికి వచ్చాక నేనూ ఆ పని చేసుకోవచ్చునా, చేసుకుంటే ఖర్చు కలిసివస్తుందా అన్నది నా సందేహం. తెలిసిన పెద్దలు వివరించగలరు.

సమాధానం (న్యాయవాది, గుంటూరు)

ముందు ఆ గుడ్డ సంచి సంగతి చూడండి. ఆయుధాల చట్టం, 1959లోని 21వ సెక్షను తుపాకీతో పాటు మందుగుండుకూ వర్తిస్తుంది. లైసెన్సుదారు మరణించాక ఆ తూటాలు మీ ఇంట్లో ఉండటానికి ఆధారమేమీ లేదు. రైఫిల్ తీసుకున్న డీలరుకో, దగ్గరి పోలీసు స్టేషనుకో ఆలస్యం చేయకుండా అప్పగించి, తూటాలు ఎన్ని, ఖాళీలు ఎన్ని అన్నది విడివిడిగా రాయించి రసీదు తీసుకోండి. ఖాళీవే కదా అని అట్టిపెట్టుకోవద్దు, మందుగుండు నిర్వచనంలో దాని భాగాల ప్రస్తావన కూడా ఉంది.

ఇక నింపుకోవడం అంటారా, 5వ సెక్షను ప్రకారం మందుగుండు తయారీకి వేరే లైసెన్సు ఉండాలి. తుపాకీ ఉంచుకోవడానికి ఇచ్చిన లైసెన్సు ఆ పనికి చాలదు. 2019 సవరణ తరువాత అనుమతి లేని తయారీకి కనీసం 7 సంవత్సరాల జైలు, గరిష్ఠంగా యావజ్జీవం. ఖర్చు లెక్క వేసుకోవలసిన అవసరం అక్కడితోనే తీరిపోయింది.

సమాధానం (విశ్రాంత ఆర్మరర్, అంటే ఆయుధాల మరమ్మతు చేసేవారు, మంగళగిరి)

లాయరు గారి మాటకు తిరుగు లేదు. అయితే చట్టం అడ్డురాని దేశంలో కూడా లీ ఎన్‌ఫీల్డ్ జాతి రైఫిళ్లకు తూటా నింపడం చూసినంత సులువు కాదని మీ బావగారికి తెలియజేయండి. బురదలోనూ ఇసుకలోనూ తూటా ఇరుక్కోకూడదని సైన్యపు 303 (లీ ఎన్‌ఫీల్డ్ తూటా కొలత) చాంబరును, అంటే గొట్టం వెనుక తూటా కూర్చునే గదిని, కొంత వదులుగా కోసేవారు. తూటాను నిలబెట్టేది అడుగున ఉన్న రిమ్ము (బయటికి పొడుచుకొచ్చిన అంచు) మాత్రమే కాబట్టి, పేల్చిన ప్రతిసారీ ఇత్తడి ముందుకు సాగి, రిమ్ముకు కాస్త పైన పలచబడుతుంది. నింపేవారు దానిని డైలో (ఉక్కు అచ్చులో) పూర్తిగా అదిమి పాత కొలతకు తెస్తారు, మరుసటి పేలుడుతో అది మళ్లీ సాగుతుంది. ఇలా కొన్నిసార్లు జరిగేసరికి కేసు రెండు ముక్కలై, అడుగు భాగం ఊడి వస్తుంది, పై భాగం చాంబరులోనే ఉండిపోతుంది. ఖాళీ కేసును వెలుగులో తిప్పి చూసినప్పుడు అక్కడ మెరిసే సన్నని వలయం కనిపించినా, కొస వంచిన సన్నని తీగతో లోపలి గోడను గీకినప్పుడు అది గాడిలో పడినట్లు తగిలినా, ఆ కేసు ఇక తుక్కుకే.

ఇంకొక చిక్కు ప్రైమరుది. పాత సైన్యపు 303 కేసులు చాలావరకు బెర్డాన్ పద్ధతివి. లోపల నడిమధ్య ఒక రంధ్రానికి బదులు చిన్నవి రెండు ఉంటాయి కనుక మామూలు డై సూది వాడిన ప్రైమరును బయటకు నెట్టలేదు. పైగా ఆనాటి ప్రైమర్లలో పొటాషియం క్లోరేటు ఉండేది. అది పేలాక గొట్టంలో మిగిలేది ఒక రకం ఉప్పే, దానిని నూనె కరిగించదు. ముందు వేడి నీళ్లు పోసి కడిగి, బాగా ఆరబెట్టి, ఆపైన నూనె పట్టించాలి. మన కోస్తా తేమలో ఈ పని మరునాటికి వాయిదా వేసినా గొట్టం లోపల తుప్పు చుక్కలు తేలతాయి.

సమాధానం (విజయవాడ, ప్రస్తుతం డల్లాస్)

మీ బావగారిని రైఫిల్ మీది ముద్ర ఒకసారి చూడమనండి. 1962 చైనా యుద్ధం తరువాత ఇషాపూర్‌లో అదే రూపంలో 7.62 తూటాకు 2ఏ, 2ఏ1 అనే రైఫిళ్లు తయారుచేశారు. మ్యాగజైను కాస్త పలకగా ఉండటం తప్ప పైకి పెద్ద తేడా కనిపించదు, తూటాలు మాత్రం పూర్తిగా వేరు. అది నిజంగా 303 అయితే, పేరులో 303 ఉన్నా పట్టే బుల్లెట్ 0.311 లేదా 0.312 అంగుళాలది, 0.308ది వేస్తే గొట్టంలో వదులై గురి చెదిరిపోతుంది. నేను కేసు మెడను మాత్రమే అదిమి, ఆ రైఫిల్‌లో పేల్చినవాటిని తిరిగి అదే రైఫిల్‌కు వాడతాను. కేసులు ఎక్కువ కాలం నిలుస్తున్నాయి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. రేపే అప్పగిస్తాను. తూటాలు కొన్నింటికి మెడ దగ్గర పచ్చగా చిలుము పట్టి ఉంది. విప్పి మందు పారబోసి ఇవ్వడం క్షేమమా?

సమాధానం (విశ్రాంత ఆర్మరర్, మంగళగిరి)

విప్పవద్దు, తుడవవద్దు, ఎండలో పెట్టవద్దు. చిలుము పట్టినవాటిని విడిగా అట్టపెట్టెలో పెట్టి, పాతవని చెప్పి ఇవ్వండి. అన్నట్టు, ప్రైవేటు బస్సులోనో షేరు ఆటోలోనో కాదు. ముందుగా డీలరుకు ఫోను చేసి, ఎలా తేవాలో అడిగి తెలుసుకున్నాకే బయలుదేరండి.