ఏఐ సాధనాల ఖర్చుకు తగ్గ రాబడి ఉందో లేదో ఎలా తేల్చాలి?

మా సంస్థలో వినియోగదారుల ఉత్తరాలకు జవాబులు రాయడానికి, ఇన్‌వాయిస్‌లలోని వివరాలను ఖాతాలకు ఎక్కించడానికి ఏఐ సాధనాలు వాడుతున్నాం. వాటికయ్యే ఖర్చు బిల్లులోనే కనిపిస్తుంది. తిరిగి వచ్చేది ఎంత అన్నదే అంతుపట్టడం లేదు.

సాధనం క్షణాల్లో జవాబు రాసి ఇస్తుంది, నిజమే. కానీ ఇన్‌వాయిస్ తేదీ, గడువు తేదీ తారుమారయ్యాయేమో, మేం ప్రకటించని రాయితీ ఇస్తామని మాటిచ్చిందేమో చూసి సరిదిద్దడానికి అనుభవమున్న ఉద్యోగి ఒకరు కూర్చోవలసి వస్తోంది. ఆ సమయం ఏ పద్దులోనూ పడదు. పోనీ, ఉద్యోగులనే అడిగి రాసుకుందామా అంటే, 2025లో మెటర్ అనే పరిశోధన సంస్థ అనుభవజ్ఞులైన 16 మంది ప్రోగ్రామర్లతో జరిపిన అధ్యయనంలో, ఏఐ వల్ల తమ పని 20 శాతం వేగంగా సాగిందని వారు భావించినా, నిజానికి 19 శాతం ఎక్కువ సమయం పట్టిందని తేలింది. (ఆ ఫలితం అన్ని పనులకూ వర్తిస్తుందని అనను, అభిప్రాయాన్ని కొలతగా తీసుకోవడానికి మాత్రం ధైర్యం చాలడం లేదు.)

తలకింత అని నెలవారీ చందా కట్టడమా, వాడిన టోకెన్ల (వాక్యాన్ని ఏఐ విడగొట్టుకునే చిన్న ముక్కల) లెక్కన చెల్లించడమా అన్నది మరో చిక్కు. తెలుగు వాక్యానికి సాధారణంగా ఇంగ్లిష్ కంటే ఎక్కువ టోకెన్లు పడతాయి కాబట్టి, ఇంగ్లిష్ వాడకంపై వేసిన అంచనాలు మాకు సరిపోవు.

ఇటువంటి లెక్క వేసి చూసినవారు దయచేసి చెప్పగలరు: పాత పద్ధతిలో ఒక్కో పనికి ఎంత సమయం పట్టేదో నమోదు లేనప్పుడు, కొందరికి కొన్ని వారాలు సాధనాన్ని ఆపి పోల్చడం సబబేనా? ఆదా అయిన సమయంలో వేరే పనేదీ జరగకపోతే, దాన్ని రాబడి కింద చూపవచ్చా?