పిక్సెల్ కుక్క నడవకుండా జారుతోంది, కాళ్లు ఎలా కదపాలి?

ప్రశ్న

అందరికీ నమస్తే. ఒక చిన్న 2డి గేమ్ చేస్తున్నాను. వీధుల్లో తిరిగే ఊరకుక్క అందులో హీరో. నిలువు చెవులు, వెన్ను మీదికి చుట్టుకున్న తోక, గోధుమరంగు ఒళ్లు. 32×32 పిక్సెల్స్‌లో గీశాను. నిల్చున్నప్పుడు ముద్దుగానే ఉంది, కదిలిస్తేనే చిక్కు. నాలుగు ఫ్రేములు (వరసగా ఆడే బొమ్మలు) గీసి ఆడిస్తే కాళ్లు కత్తెరలా తెరుచుకుని మూసుకుంటున్నాయి. గేమ్‌లో పెడితే నేల మీద జారుతోంది, ఒళ్లు వణుకుతోంది. మనిషి నడక మీద వీడియోలు బోలెడున్నాయి గానీ, నాలుగు కాళ్లలో ఏది ఎప్పుడు వెయ్యాలో నాకు అర్థం కావట్లేదు. లిబ్రెస్ప్రైట్ అనే పిక్సెల్ బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో గీస్తున్నాను, గేమ్ తయారుచేస్తున్నది గొడాట్ 4 అనే గేమ్ ఇంజిన్‌లో. మొదటి నుంచి చెప్పండి.

జవాబు

ముందు నడకను పక్కన పెట్టండి. నాలుగు కాళ్ల జంతువుకి నడకతో మొదలుపెట్టడం కష్టం, ఎందుకంటే నాలుగు కాళ్లూ నాలుగు వేర్వేరు సమయాల్లో నేలను తాకుతాయి. దానికన్నా ట్రాట్, అంటే కుక్క హుషారుగా ఎక్కడికో పోతున్నప్పుడు వేసే చిన్న పరుగు, చాలా సులువు. అందులో ఎదురుబొదురు కాళ్లు జంటగా కదులుతాయి: ఎడమ ముందుకాలు కుడి వెనక్కాలితో, కుడి ముందుకాలు ఎడమ వెనక్కాలితో. నాలుగు కాళ్ల లెక్క రెండు జంటల లెక్క అయిపోతుంది. 32 పిక్సెల్స్ బొమ్మకి నాలుగు ఫ్రేములు సరిపోతాయి.

ఇంకో సంగతి. గీయడానికి ముందు కీళ్లు ఎక్కడున్నాయో చూసుకోండి. కుక్క వెనక్కాలు మధ్యలో వెనక్కి వంగినట్టు కనిపించేది మోకాలు కాదు, అది మడమ. అసలు మోకాలు పైన, పొట్ట దగ్గర, ముందుకే వంగుతుంది. ముందుకాలి మధ్యలో కనిపించేది మణికట్టు. అంటే కుక్క ఎప్పుడూ వేళ్ల మీదే నడుస్తుంది. ఇది తెలియకుండా నాలుగు కాళ్లనీ నాలుగు నిలువు కడ్డీలుగా గీస్తే, ఎన్ని ఫ్రేములు పెంచినా కత్తెరలాగే ఉంటుంది. వెనక్కాలికి ఒక్క పిక్సెల్ మెలిక ఇచ్చినా చాలు, చూడగానే కుక్క అని తెలుస్తుంది.

ఇప్పుడు పని. ఒళ్లు, తోక, ఇవతలి కాళ్లు, అవతలి కాళ్లు, ఇలా నాలుగు లేయర్లు (ఒకదాని మీద ఒకటి ఉండే పొరలు) పెట్టుకోండి. ఫైలుని ఇండెక్స్‌డ్ కలర్ మోడ్‌లోకి (ప్రతి పిక్సెల్ రంగునీ పాలెట్ అనే రంగుల పట్టికలోంచే తీసుకునే పద్ధతి) మార్చి, ఒక్కో కాలికి పాలెట్‌లో ఒక్కో గడి కేటాయించండి: ఎరుపు, నీలం, ఆకుపచ్చ, పసుపు. కదలిక కుదిరేదాకా కుక్క రంగులకాళ్లతోనే ఉండనివ్వండి. ఏ కాలు ఏదో గందరగోళం ఉండదు. అంతా అయ్యాక పాలెట్‌లో ఆ గడుల రంగు మారిస్తే అన్ని ఫ్రేముల్లోనూ ఒకేసారి మారిపోతుంది. ఇవతలి కాళ్లకి ఒంటి రంగు, అవతలి కాళ్లకి దానికన్నా ఒక మెట్టు ముదురు రంగు. ఈ ముదురు రంగు తప్పనిసరి. అది లేకపోతే కాళ్లు ఒకదాన్నొకటి దాటేటప్పుడు ముద్దగా కలిసిపోతాయి.

మొదటి జంట పాదాలని ఇలా పెట్టండి. కాలు నిటారుగా ఉన్న చోటుని సున్నా అనుకుందాం. 1వ ఫ్రేములో పాదం 3 పిక్సెల్స్ ముందు, నేల మీద. 2వ ఫ్రేములో సున్నా దగ్గర, నేల మీదే. 3వ ఫ్రేములో 3 పిక్సెల్స్ వెనక, అప్పుడే లేవబోతూ. 4వ ఫ్రేములో మళ్లీ సున్నా దగ్గర, కానీ నేలకి 2 పిక్సెల్స్ పైన, మడిచి. రెండో జంట ఇదే పని రెండు ఫ్రేములు ఆలస్యంగా చేస్తుంది. అంటే మీరు నిజంగా ఆలోచించి గీయాల్సినవి రెండు ఫ్రేములే. మిగతా రెండూ ఇవతలి, అవతలి కాళ్లు తారుమారు చేస్తే వచ్చేవే.

ఒంటిని ఏ ఫ్రేములోనూ మళ్లీ గీయొద్దు. మీ కుక్క వణకడానికి కారణం దాదాపుగా అదే. ప్రతిసారీ చేత్తో గీస్తే వెన్ను అంచు, పొట్ట నీడ అక్కడో పిక్సెల్ ఇక్కడో పిక్సెల్ మారతాయి, ఆడించగానే అవన్నీ మిణుకుమిణుకుమంటాయి. ఒకే ఒంటిని నాలుగు ఫ్రేముల్లోకి కాపీ చేసి, 2, 4 ఫ్రేముల్లో మొత్తంగా ఒక్క పిక్సెల్ కిందికి దించండి. ట్రాట్‌లో కాలు నిటారుగా బరువు మోస్తున్నప్పుడే ఒళ్లు కిందికి దిగుతుంది, కాళ్లు చాచినప్పుడు పైకి లేస్తుంది. తోక కొస, చెవి కొస మాత్రం ఒక ఫ్రేము వెనకపడాలి: ఒళ్లు దిగిన ఫ్రేములో అవి పాత ఎత్తులోనే ఉండి, తర్వాతి ఫ్రేములో దిగాలి. చుట్టుకున్న తోక కాబట్టి కొస రెండు మూడు పిక్సెల్స్ కదిలితే చాలు. తోక మొదలు ఒంటితోపాటే పోతుంది.

ఆనియన్ స్కిన్ ఆన్ చేసుకుంటే అంతకుముందు ఫ్రేము లీలగా కనిపిస్తుంది, పిక్సెల్స్ లెక్కపెట్టడం తేలిక. ఒక్కో ఫ్రేముకి 100 మిల్లీసెకన్లు ఇచ్చి చూడండి.

అడిగినవారు

చాలా థాంక్స్ అక్కా. రంగులకాళ్లతో చేశాక ఎక్కడ తప్పుతోందో వెంటనే కనిపించింది. ఎడిటర్‌లో ఆడిస్తే నిజంగా కుక్క పరిగెడుతున్నట్టే ఉంది! కానీ గేమ్‌లో ఇంకా జారుతోంది. వేగం ఎంత పెట్టాలి? అలాగే తర్వాత మామూలు నడక, దౌడు కూడా కావాలి.

జవాబు

వేగం మీరు ఊహించి పెట్టక్కర్లేదు, బొమ్మలోనే ఉంది. నేల మీదున్న పాదం ఫ్రేముకి 3 పిక్సెల్స్ వెనక్కి పోతోంది. ఫ్రేము 100 మిల్లీసెకన్లు, అంటే సెకనుకి 10 ఫ్రేములు. కాబట్టి కుక్క సెకనుకి 30 పిక్సెల్స్ ముందుకి పోవాలి. అప్పుడు పాదం నేలమీద ఒకే చోట నిలుస్తుంది. 60 పెట్టారో, జారుడే. ఇంకా వేగంగా కావాలంటే యానిమేటెడ్‌స్ప్రైట్2డిలో (గొడాట్‌లో ఫ్రేముల్ని ఆడించే భాగం) స్పీడ్ స్కేల్‌ని అదే నిష్పత్తిలో పెంచండి: 45 పిక్సెల్స్‌కి 1.5. అంతకు మించి పోవాలంటే మాత్రం దౌడు వేరుగా గీయడమే మంచిది.

నడకకి ఎనిమిది ఫ్రేములు తీసుకోండి. వరస ఇది: ఎడమ వెనక్కాలు 1వ ఫ్రేములో నేలను తాకుతుంది, ఎడమ ముందుకాలు 3లో, కుడి వెనక్కాలు 5లో, కుడి ముందుకాలు 7లో. ఒక్కో కాలు అయిదు ఫ్రేములు నేల మీద, మూడు ఫ్రేములు గాల్లో. ఈ వరస ఒక్కటి గుర్తుంటే పిల్లి, ఆవు, మేక దేనికైనా పనికొస్తుంది. తల కొద్దిగా ఊగాలి, అంతే.

దౌడుకి మాత్రం ఫొటోలు చూసి గీయండి. 1878లో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ కాలిఫోర్నియాలో పరిగెత్తే గుర్రాన్ని వరస కెమెరాలతో తీసినప్పుడే, అంతవరకూ చిత్రకారులు గీస్తూ వచ్చింది తప్పని తేలింది. గుర్రం నాలుగు కాళ్లూ గాల్లో ఉండేది కాళ్లు చాచినప్పుడు కాదు, పొట్ట కిందికి ముడిచినప్పుడు. పూర్తి వేగంతో పరిగెత్తే కుక్క అయితే రెండు సార్లు గాల్లో ఉంటుంది, ముడిచినప్పుడూ చాచినప్పుడూ. వెన్ను కూడా విల్లులా వంగి సాగుతుంది కాబట్టి దౌడులో ఒంటిని కాపీ చేస్తే కుదరదు, మళ్లీ గీయాల్సిందే. 1887లో వచ్చిన ఆయన ఫొటోల సంపుటిలో కుక్కల వరసలు కూడా ఉన్నాయి. కాపీరైట్ లేదు, ఇంటర్నెట్‌లో దొరుకుతాయి, నిశ్చింతగా వాడుకోండి.

ఇంకో సభ్యుడు

గొడాట్ వైపు నాలుగు మాటలు. ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో డిఫాల్ట్ టెక్స్చర్ ఫిల్టర్‌ని నియరెస్ట్‌కి మార్చండి, లేకపోతే పిక్సెల్స్ మసకబారతాయి. బొమ్మని మీరే పెద్దది చేసి ఎక్స్‌పోర్ట్ చెయ్యొద్దు. గేమ్ తెర సైజు 320×180 పిక్సెల్స్ పెట్టుకుంటే సరిగ్గా 4 రెట్లకి 1280×720, 6 రెట్లకి 1920×1080 అవుతుంది, ఏ పిక్సెల్ సాగదు. స్ప్రైట్ షీట్ (ఫ్రేములన్నీ ఒకే బొమ్మలో పేర్చిన ఫైలు) తీసేటప్పుడు ట్రిమ్ ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే ఒక్కో ఫ్రేము చుట్టూ ఖాళీ ఒక్కోలా కత్తిరించుకుపోయి, ఎడిటర్‌లో నిలకడగా ఉన్న కుక్క గేమ్‌లో ఎగిరెగిరి పడుతుంది.

నిల్చున్న కుక్కని ఊపిరి తీస్తున్నట్టు చూపాలంటే ఒంటిని పైకీ కిందికీ జరపొద్దు. ఇంత చిన్న కుక్క నిల్చుని ఉన్నప్పుడు ఒక్క పిక్సెల్ కూడా పెద్ద కుదుపే. ఛాతీ అంచున రెండు మూడు పిక్సెల్స్ రంగు ఒక మెట్టు మార్చి, ఫ్రేముకి 400 మిల్లీసెకన్లు ఇవ్వండి. ఛాతీ మెల్లగా ఉబ్బినట్టు కనిపిస్తుంది.

అడిగినవారు

30 పెట్టాక జారడం పూర్తిగా ఆగిపోయింది! ట్రిమ్ కూడా ఆపేశాను. ఒక్కటే మిగిలింది: కుక్క వెనక్కి తిరిగినప్పుడు ఒక్కసారిగా పక్కకి దూకుతోంది.

జవాబు

కుక్క 32×32 చట్రం మధ్యలో లేదు, అందుకే. ఫ్లిప్, అంటే బొమ్మని అద్దంలోలా అటూఇటూ మార్చడం, చట్రం మధ్యగీత చుట్టూ తిప్పుతుంది. ముక్కు నుంచి తోక దాకా కాకుండా, ముందుకాళ్లకీ వెనక్కాళ్లకీ మధ్య బిందువు చూసి, అది ఎడమ 16, కుడి 16 పిక్సెల్స్ మధ్యకి వచ్చేలా అన్ని లేయర్లనీ అన్ని ఫ్రేముల్లోనూ కలిపి జరపండి. ఆ తర్వాత కొలిజన్ పెట్టెని (వేరే వస్తువులకి తగిలిందో లేదో గేమ్ చూసే పెట్టె) కూడా అక్కడికే తెచ్చుకోండి. అయ్యాక జిఫ్ ఒకటి ఇక్కడ పెడితే తోక కదలిక చూసి చెబుతాను.