అప్‌డేట్: మా కుక్క వాంతులకు కారణం దొరికింది

మా కుక్క అన్నం ముట్టడం లేదని, పసుపు వాంతులు చేసుకుంటోందని మూడు వారాల కిందట ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. దోషి మా అత్తయ్య స్వెట్టరు అల్లుతున్న ఊలు! ఎక్స్‌రేలో ఏమీ తేలలేదు. అల్ట్రాసౌండ్‌లో పేగు చీర కుచ్చిళ్లలా ముడుచుకుని కనిపించింది. ఆపరేషన్ చేసి మూరెడు ఆకుపచ్చ దారం తీశారు.

వెనక దారం కొస వేలాడితే లాగవద్దని ఒకరు రాశారు. అది చదివేసరికి నేను చేయి చాపి ఉన్నాను. లాగితే పేగు కోసుకుపోయేదని డాక్టరు కూడా అన్నారు.

నేను అనుమానించిన కోడి ఎముకలకు, పెరుగన్నానికి ఏ సంబంధమూ లేదు. వాము నీళ్లు పట్టి ఒక రోజు వృథా చేశాను. నిన్న కుట్లు విప్పారు. ఊలు బుట్ట బీరువా పైకెక్కింది, స్వెట్టరుకు ఇంకా ఒక చేయి బాకీ.