కొటోనూకి ఉప్పుడు బియ్యం: బీఈఎస్‌సీ ఎవరు తీయాలి, ఎప్పుడు తీయాలి?

గుణుపురం_మిల్లు:
అందరికీ నమస్తే. రాయగడ జిల్లా నుంచి విశాఖ మీదుగా బెనిన్ దేశం కొటోనూ పోర్టుకి ఉప్పుడు బియ్యం పంపాలి. 20 అడుగుల కంటైనర్లు 5, ఒక్కోదాంట్లో 50 కిలోల బస్తాలు 500. రేటు సీఎఫ్‌ఆర్, అంటే కొటోనూ దాకా ఓడ కిరాయి మాదే. కొనే పార్టీ బీఈఎస్‌సీ (సరుకు ట్రాకింగ్ పత్రం) నంబరు పంపమంటోంది. మా సీహెచ్‌ఏ (కస్టమ్స్ ఏజెంటు) ఏమో అది దిగుమతిదారు చూసుకోవాలంటున్నారు. షిప్పింగ్ లైను వాళ్లు ఈసీటీఎన్ అంటున్నారు. రెండూ వేర్వేరా? ఓడ వెళ్లాక తీసుకుంటే చాలదా?

విశాఖ_ఫార్వార్డింగ్:
రెండూ ఒకటేనండి. ఫ్రెంచి మాట్లాడే దేశాల్లో బీఈఎస్‌సీ, ఇంగ్లీషులో ఈసీటీఎన్. కాంగో కిన్షాసాకి అయితే ఫెరి అంటారు, గాబన్‌కి బీఐఈటీసీ. పేరు ఏదైనా పని ఒకటే: సరుకు ఏది, ఎంత, ఎవరిది, ఏ ఓడలో వస్తోందో అది చేరకముందే ఆ దేశపు షిప్పర్ల మండలికి తెలియాలి.

తీయాల్సింది ఎగుమతి వైపు నుంచే, ఆ మండలి అధికారం ఇచ్చిన ఏజెంటు ద్వారా. ఖర్చు ఎవరిదన్నది మీ కాంట్రాక్టును బట్టి. సీఎఫ్‌ఆర్ అని రాసి ఊరుకుంటే గొడవ అక్కడే మొదలవుతుంది. ప్రొఫార్మా (బేరం ముందు ఇచ్చే ఇన్వాయిస్)లోనే 'బీఈఎస్‌సీ ఖర్చు ఫలానా వారిది' అని ఒక లైను పెట్టండి.

డ్రాఫ్ట్ బీఎల్ (షిప్పింగ్ లైను ఇచ్చే సరుకు రసీదు ముసాయిదా), కమర్షియల్ ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్టు, ఫ్రైట్ (ఓడ కిరాయి) ఇన్వాయిస్, షిప్పింగ్ బిల్లు (మన కస్టమ్స్‌కి ఇచ్చే ఎగుమతి పత్రం) సిద్ధంగా ఉంచుకోండి. డ్రాఫ్ట్ బీఎల్ చేతికి రాగానే అప్లికేషన్ పెట్టేయాలి. ముందు నంబరు వస్తుంది, ఫైనల్ బీఎల్ అప్‌లోడ్ చేశాక వాలిడేట్ అవుతుంది, అంటే ఖరారవుతుంది. ఆ నంబరు బీఎల్ మీద ఎక్కించమని లైనుకి చెప్పండి. ఒక బీఎల్‌కి ఒక బీఈఎస్‌సీ. మీ 5 కంటైనర్లూ ఒకే బీఎల్‌లో ఉంటే ఒకటి చాలు. రెండు బీఎల్‌లుగా విడగొడితే రెండు కావాలి.

ఓడ కొటోనూ చేరేలోపు వాలిడేట్ కాకపోతే అక్కడ జరిమానా పడుతుంది. క్లియరెన్సు ఆగిపోతే డెమరేజీ (ఆలస్యపు రుసుము) అదనం. ఎవరు కట్టాలన్న వాదన మళ్లీ మీ దగ్గరికే వస్తుంది.

జయపురం_లెక్కలు:
ఎక్కువ తిరకాసు బరువుల దగ్గరే. కంటైనర్‌కి నికర బరువు 25,000 కిలోలు. ఖాళీ ప్లాస్టిక్ సంచి 120 గ్రాములు అనుకుంటే 500కి 60 కిలోలు, గ్రాస్ (సంచులతో కలిపి బరువు) 25,060. వీజీఎం (ఓడ ఎక్కించే ముందు లైనుకి ఇచ్చే మొత్తం బరువు)లో కంటైనర్ సొంత బరువు కూడా కలుస్తుంది. అది తలుపు మీద రాసి ఉంటుంది, 2,200 కిలోలైతే మొత్తం 27,260. ఈ వీజీఎం అంకెని తెచ్చి బీఈఎస్‌సీలో గ్రాస్ కింద కొట్టేస్తుంటారు. అప్పుడు 5 కంటైనర్లకి 11 టన్నులు తేడా వచ్చి కూర్చుంటుంది, బీఎల్‌తో కలవదు.

హెచ్‌ఎస్ కోడ్ (కస్టమ్స్ సరుకు వర్గీకరణ నంబరు)లో మొదటి 6 అంకెలే ప్రపంచమంతా ఒకటి. ఉప్పుడు బియ్యం 100630 కిందికి వస్తుంది. 5 శాతం నూక ఉన్నా అదే కోడ్. మొత్తం నూకలే పంపితేనే 100640. మన 8 అంకెల కోడ్ షిప్పింగ్ బిల్లుకి పనికొస్తుంది గానీ, అక్కడి టారిఫ్‌లో చివరి అంకెలు వేరు.

ఇంకోటి, ఇన్వాయిస్‌లో సీఎఫ్‌ఆర్ మొత్తం ఒక్కటే వేసి వదలకండి. ఎఫ్‌ఓబీ విలువ (ఓడ కిరాయి కలపని సరుకు విలువ) ఒక లైను, ఫ్రైట్ ఒక లైను. ఎఫ్‌ఓబీ షిప్పింగ్ బిల్లుతోనూ, ఫ్రైట్ ఏమో షిప్పింగ్ లైను ఇచ్చిన ఇన్వాయిస్‌తోనూ కలవాలి. బీఎల్ మీద ఫ్రైట్ ప్రీపెయిడ్ (కిరాయి ముందే కట్టాం) అని మాత్రమే ఉండి, ఎంతో ఎక్కడా తెలియకపోతే ఏజెంటు ఫైలు తిప్పి పంపవచ్చు.

గుణుపురం_మిల్లు:
ఇది ఎల్‌సీ (బ్యాంకు హామీతో చెల్లింపు) బేరం. బీఎల్ బ్యాంకు పేరు మీద 'టు ఆర్డర్' (బ్యాంకు చెప్పినవారికే సరుకు) అని ఉంటుంది. మరి బీఈఎస్‌సీలో కన్‌సైనీ (సరుకు అందుకునేవారు) ఎవరని రాయాలి? సీలు మిల్లులోనే వేస్తున్నాం.

విశాఖ_ఫార్వార్డింగ్:
బీఎల్‌లో ఎలా ఉంటే అలాగే 'టు ఆర్డర్'. అసలు కొనేవారి పేరు, చిరునామా నోటిఫై పార్టీ (సరుకు వచ్చిందని కబురు అందాల్సినవారు) గడిలో రావాలి. వాళ్ల పన్ను నంబరు, బెనిన్‌లో దాన్ని ఐఎఫ్‌యూ అంటారు, ఇప్పుడే అడిగి పెట్టుకోండి. చివరి రోజు అడిగితే వాళ్ల దగ్గర్నుంచి జవాబు రాదు, అంతే.

మిల్లులో వేసిన ఈ-సీలు (ఎలక్ట్రానిక్ సీలు) నంబరు, లైను సీలు నంబరు రెండూ రాసిపెట్టుకోండి. పోర్టులో కస్టమ్స్ వాళ్లు తెరిచి చూస్తే సీలు మారుతుంది. మారిన నంబరు బీఎల్‌లో ఎక్కితే బీఈఎస్‌సీలోనూ మార్చాలి. వాలిడేట్ కాకముందు దిద్దుకోవడం తేలిక, అయ్యాక సవరణకి ఫీజు అడుగుతారు. విశాఖ నుంచి ఫీడరు (చిన్న) ఓడలో వెళ్లి మధ్యలో పెద్ద ఓడకి మారితే కొటోనూలో మ్యానిఫెస్టు (ఓడలోని సరుకు జాబితా) ఉండేది పెద్ద ఓడ పేరు మీద. ఫారంలో ఏ పేరు పెట్టాలో ఏజెంటుని రాతపూర్వకంగా అడగండి.

పర్లాకిమిడి_ట్రేడర్:
సరుకు కొటోనూలోనే ఆగుతుందా, నైజర్ వెళ్తుందా? నైజర్‌కైతే నైజర్ మండలి బీఈఎస్‌సీ వేరే కావాలి. మాలి, బుర్కినా ఫాసో, చాద్‌లకీ అంతే, పోర్టు పక్క దేశంలో ఉన్నా సరుకు చేరే దేశం పేరుతో తీయాలి.

గుణుపురం_మిల్లు:
కొటోనూలోనే అమ్ముతారండి. ఐఎఫ్‌యూ నంబరు కోసం ఇప్పుడే మెయిల్ పెట్టాను. ఇన్వాయిస్ కూడా రెండు లైన్లుగా మార్చేస్తున్నాం.