1948 సెప్టెంబర్ తర్వాత రావి నారాయణరెడ్డి మాట నెగ్గి ఉంటే?

భువనగిరి వాసి:
1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన దగ్గర నుంచి నిజాం లొంగిపోయేదాకా కమ్యూనిస్టుల వెంట మన ఊళ్లు చేసిన తెలంగాణ సాయుధ పోరాటం మీద నాకు ఏ పేచీ లేదు. రజాకార్లకు ఎదురు తిరగకపోతే బతుకే లేదు. నా పేచీ అంతా 1948 సెప్టెంబర్ 17 తర్వాత మూడేళ్ల గురించే. రజాకార్ల పీడ వదిలిందని జనం భారత యూనియన్ సైన్యానికి దండలు వేశారు. ఇక ఆ సైన్యంతోనే కొట్లాడాలంటే రైతుకు ఎట్లా మింగుడు పడుతుంది? బొల్లేపల్లిలో పుట్టిన కమ్యూనిస్టు నాయకుడు రావి నారాయణరెడ్డికి జనం నాడి తెలుసు. ఇక సాయుధ పోరాటం ఆపాలన్నది ఆయన వైఖరి. నిర్ణయం ఆయన చేతిలో ఉంటే తుపాకులు దించి, పోరాటంలో దొరల నుంచి తీసి రైతులకు పంచిన భూముల కోసం బహిరంగంగా కొట్లాడేవాడని నా నమ్మకం.

దేవరకొండ రైతుబిడ్డ:
అన్నా, వినడానికి బాగానే ఉంది. కానీ పట్నం పారిపోయిన దొరలు సైన్యం వెనకాలే గాంధీ టోపీలు పెట్టుకొని గడీలకు తిరిగొచ్చారు. పంచిన భూములు గుంజుకున్నారు. అట్లాంటప్పుడు తుపాకీ దించితే మాట వినేదెవరు? 1949లో జాగీర్ల రద్దు, 1950లో కౌలుదారీ చట్టం ఊరికే వచ్చినయా? 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో భూస్వామి వెదిరె రామచంద్రారెడ్డి వినోబా భావే అడిగితే వంద ఎకరాలు దానమిచ్చిండంటే, దాని వెనక కమ్యూనిస్టు సాయుధ దళాల భయం లేదంటావా?

పాలమూరు పాఠకుడు:
నిర్ణయం నల్లగొండలో జరగలేదు సార్. 1948 మొదట్లోనే కమ్యూనిస్టు పార్టీ కలకత్తా మహాసభలో మెతక పంథా పి.సి. జోషీని ప్రధాన కార్యదర్శి పదవి నుంచి దించి, సాయుధ పోరాటమే దారి అన్న రణదివేను పైకి తెచ్చారు. పైన జోషీ ఉంటేనే కింద రావి మాట చెల్లేది.

భువనగిరి వాసి:
పాలమూరు సార్ చెప్పింది నిజమే, జోషీ లేకుండా రావి ఒక్కడితో అయ్యేది కాదు. తమ్ముడూ, చట్టాల వెనక భయం ఉందని నేనూ ఒప్పుకుంటా. కానీ ఆ భయానికి మూల్యం ఎవరు కట్టారు? దళాలను నల్లమల, గోదావరి అడవుల్లోకి తరిమారు. దెబ్బలు మాత్రం ఊరికే మిగిలాయి. రాత్రి దళానికి జొన్నరొట్టె పెట్టిన ఇల్లాలి మొగుణ్ని తెల్లారి మిలిటరీ క్యాంపుకు ఈడ్చుకెళ్లేవారు. పోరాటం మొత్తంలో నాలుగు వేల మంది దాకా ప్రాణాలు పోయాయని పోరాట నాయకుడు సుందరయ్య గారే రాశారు. 1951 అక్టోబర్‌లో విరమించారు, కొన్ని నెలలకే ఎన్నికల్లో నల్లగొండ జనం రావికి నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లేశారు. అంత బలం 1948లోనూ ఉంది కదా!

దేవరకొండ రైతుబిడ్డ:
ఆ ఓట్లు ఆ మూడేళ్ల త్యాగానికి పడ్డయన్నా. ముందే ఆపి ఉంటే పడేవే కావు.

భువనగిరి వాసి:
త్యాగాన్ని నేను తక్కువ చేయను. కానీ దళాలు అడవిలో ఉన్నప్పుడు మైదానం ఊళ్లలో చెలక దున్నుకుంటున్న రైతుకు అండగా ఎవరున్నారు? ఊళ్లలో పోరాటం నడిపిన సంఘం (ఆంధ్ర మహాసభ) నాయకులు జైల్లోనో, అజ్ఞాతంలోనో ఉన్నారు. వాళ్లు ఊళ్లో ఉండి ఉంటే, కౌలుదారీ చట్టం వచ్చిన రోజునే పట్వారీ ముందు కూర్చొని ఒక్కొక్క రైతు పేరూ రాయించేవాళ్లు.